పాస్టర్ గారు ఫలానా అభ్యర్థికే ఓటు వేయమన్నారు, విశ్వాసి ఏం చేయాలి?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న పొడవుగా ఉంది, చదవనివాళ్ల కోసం ముందు కుదించి చెప్తాను. మీరు ఒంగోలు వైపు నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం చేసుకుంటున్నారు. మీరు వెళ్లే తెలుగు క్రైస్తవ సంఘానికి ఎన్నికల ముందు ఒక ఆదివారం ఒక అభ్యర్థి వచ్చాడు. పాస్టర్ గారు ఆయన్ని వేదిక మీదికి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఈయన దేవుడు ఏర్పరచుకున్న మనిషి, ఈయనకు వేయనివాళ్లు దేవుడికి లెక్క చెప్పుకోవాలి అన్నారు. కొందరు ఆమేన్ అన్నారు, కొందరు తల దించుకున్నారు. మీ రూమ్మేట్ ఏమో విశ్వాసికి రాజకీయాలే వద్దంటాడు. మీకు ఊళ్లో ఒక ఓటు, ఇక్కడ ఒక ఓటు ఉన్నాయి. తాతల కాలం నుంచి మీ ఇంట్లో అందరూ చర్చికే వెళ్తారు, సర్టిఫికెట్‌లో మాత్రం హిందూ, ఎస్సీ అని ఉంది. ఈ చివరి రెండు విషయాలూ మీరు బ్రాకెట్లో రాశారు. అసలు ప్రశ్న మాత్రం విశ్వాసాన్ని రాజకీయాల్లో, చట్టంలో ఎలా ఆచరించాలన్నది.

నా లెక్కలో ఆ బ్రాకెట్లో ఉన్నవే అసలు ప్రశ్నలు. నేను బెంగళూరు కోర్టుల్లో చాలా ఏళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను, ఒక తెలుగు సంఘంలో పెద్దగా కూడా ఉన్నాను. మనవాళ్ల భక్తి నాకు పాటల్లో కంటే కాగితాల్లో ఎక్కువ తెలుస్తుంది. అఫిడవిట్, ఓటరు జాబితా, కులం సర్టిఫికెట్, ఆస్తి పంపకం, సంఘం లెక్కల పుస్తకం. వాటి దగ్గరికి వస్తాను. ముందు వేదిక సంగతి.

పాస్టర్ గారు చేసింది చట్టం ప్రకారం తప్పు, అదీ ఒక్క చట్టం ప్రకారం కాదు. మతసంస్థల దుర్వినియోగాన్ని ఆపడానికి 1988లో వచ్చిన చట్టం గుడి, మసీదు, చర్చి ఆవరణను గానీ, అక్కడ జరిగే కూడికను గానీ, అక్కడి డబ్బును గానీ రాజకీయానికి వాడకూడదంటుంది. వాడనిచ్చిన నిర్వాహకులకు ఐదేళ్ల వరకు జైలు, పది వేల వరకు జరిమానా పడొచ్చు. ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా ప్రార్థనా స్థలాల్లో ప్రచారం వద్దంటుంది. వీటికంటే బరువైనది 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 123వ సెక్షన్. మతం పేరు చెప్పి ఓటు అడగడం అందులో అవినీతికర చర్య. అభ్యర్థి గానీ, ఆయన సమ్మతితో ఇంకొకరు గానీ అలా అడిగినట్టు హైకోర్టులో రుజువైతే ఆ ఎన్నిక చెల్లకుండా పోతుంది. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్ 4-3 మెజారిటీతో దీని పరిధిని ఇంకా పెంచింది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా ఇందులోకే వస్తుందని చెప్పింది.

అదే సెక్షన్లో చాలామంది పాస్టర్లకు తెలియని మాట ఇంకొకటి ఉంది. ఫలానా వాళ్లకు ఓటు వేయకపోతే, లేక వేస్తే, దేవుడి ఆగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించడం కూడా నేరుగా పేరు పెట్టి నిషేధించిన పని. దేవుడికి లెక్క చెప్పుకోవాలి అన్న మాట సరిగ్గా దాని మీదే వచ్చి పడుతుంది. ఈ సెక్షన్ రాసినవాళ్లు మన ఆదివారం ఆరాధన చూసి రాశారా అనిపిస్తుంది నాకు. కాకపోతే ఇది ఏ మఠం స్వామీజీకైనా, ఏ ఇమామ్‌కైనా అలాగే వర్తిస్తుంది. రేపు పక్క వీధిలో ఇంకో మతం పెద్ద ఇదే పని చేస్తే మనం వీడియో తీసి, ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసే సీవిజిల్ యాప్‌లో పెట్టి, దేశం ఏమైపోతోందని వాట్సాప్‌లో బాధపడతాం కదా. అక్కడ తప్పయినది ఇక్కడా తప్పే.

చట్టం పక్కన పెట్టి బైబిల్ వాక్యం దగ్గరికి వచ్చినా పాస్టర్ గారికి ఆధారం దొరకదు. అధికారుల కోసం ప్రార్థించమని తిమోతి మొదటి పత్రికలో ఉంది. నీరో లాంటివాడు చక్రవర్తిగా ఉన్న రోజుల మాట అది. గెలిపించమని కాదు, జనం నెమ్మదిగా బతికేలా చూడమని చేసే ప్రార్థన. అభ్యర్థి ఎవరు వచ్చినా ప్రార్థించి పంపండి, అది కూడా ఆఫీసు గదిలో, మైకు లేకుండా. తర్వాత వారం ఆయన ప్రత్యర్థి వచ్చినా అదే ప్రార్థన అక్కడే చేయగలగాలి. అది చేయలేనప్పుడు మొదటిది ప్రచారం అయిపోతుంది. ఇంకో సంగతి, మన తెలుగు సంఘాల్లో ఇప్పటికీ అమరావతి గురించి, అక్కడి ముఖ్యమంత్రి గురించి కన్నీటి ప్రార్థనలు జరుగుతాయి. ఉండేది బెంగళూరులో, తాగేది కావేరి నీళ్లు. కర్ణాటక ముఖ్యమంత్రి పేరు సగం మందికి వెంటనే గుర్తు రాదు. బబులోనులో బందీలుగా ఉన్నవాళ్లకే యిర్మీయా, మీరున్న ఆ పట్టణం క్షేమం కోరండి అని ఉత్తరం రాశాడు. మనం బందీలం కూడా కాదు, మంచి జీతాలకు వచ్చాం.

ఇక మీ రూమ్మేట్ వాదన. దీని మీద ఎక్కువ చెప్పను. పౌలు ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించిన అధికారులను, మేము రోమా పౌరులం, మీరే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకువెళ్లండి అన్నాడు. కైసరయలో తన కేసును చక్రవర్తి ముందుకు పంపమని అప్పీలు పెట్టాడు. రాజకీయాలు వద్దనుకునేవాడు చేసే పనులు కావవి. మీ రూమ్మేట్ రోజూ ఎక్కే బీఎంటీసీ బస్సు, తాగే నీళ్లు, అద్దె అగ్రిమెంటు అన్నీ ఎవరో ఒకరు తీసుకున్న రాజకీయ నిర్ణయాలే.

మరి క్రైస్తవ అభ్యర్థికే వేయాలా? ఇక్కడ మనకు ఒక చరిత్ర ఉంది, మన యువతకు ఎవరూ చెప్పరు. స్వాతంత్ర్యం ముందు మతాలవారీగా ప్రత్యేక నియోజకవర్గాలు ఉండేవి. లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి భారత క్రైస్తవుల తరఫున వెళ్లిన కె.టి. పాల్ ఆ పద్ధతి వద్దన్నవాడు. తర్వాత రాజ్యాంగ సభలో మైనారిటీలకు సీట్లు రిజర్వ్ చేయాలన్న ప్రతిపాదన 1949లో వీగిపోయింది. దాన్ని వదులుకోవడంలో ముందున్నది క్రైస్తవుడైన హెచ్.సి. ముఖర్జీ, రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు. మద్రాసు నుంచి వెళ్లిన జెస్యూట్ ఫాదర్ జెరోమ్ డిసౌజా కూడా అదే వైపు నిలబడ్డాడు. మాకంటూ వేరే సీట్లు వద్దు, అందరితో కలిసి పోటీ చేస్తాం అన్నారు వాళ్లు.

దీనికి రెండో పక్క కూడా ఉంది. ఇప్పుడు 25వ అధికరణంలో ఉన్న మత ప్రచార హక్కును తీసేయాలని 1948 డిసెంబరులో సభలో గట్టిగా పట్టుబట్టినవాళ్లున్నారు. దాన్ని ఉంచాలని లేచి మాట్లాడిన వాళ్లలో టి.టి. కృష్ణమాచారి ఒకరు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిన హిందువు. పద్నాలుగేళ్లు క్రైస్తవ సంస్థల్లో చదివాను, నన్ను మతం మార్చాలని ఎవరూ ప్రయత్నించలేదు అని సభలో చెప్పాడు. కె.ఎం. మున్షీ కూడా ఆ హక్కు ఉండాలనే వాదించాడు. అంటే మనం ఈ రోజు కరపత్రం పట్టుకుని వీధిలో నిలబడగలుగుతున్నామంటే, ఆ హక్కు మన ఓట్ల బలంతో రాలేదు. ఎవరో టీచరు ఒక పిల్లవాడికి పద్నాలుగేళ్లు నిజాయితీగా పాఠం చెప్పినందువల్ల కూడా వచ్చింది. ఈ ఒక్క సంగతి చాలు, మనవాడు అనే లెక్క ఎంత చిన్నదో తెలియడానికి.

కాబట్టి అభ్యర్థి మెడలో సిలువ ఉందా లేదా చూడకండి. నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్ చూడండి. ఫారం 26 అంటారు, ఎన్నికల సంఘం సైట్లో ఎవరైనా చదవొచ్చు. ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు అన్నీ అందులో ఉంటాయి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల మనకు ఆ హక్కు వచ్చింది. కేసులుంటే ఏ సెక్షన్ల కింద ఉన్నాయో చూడండి, ధర్నా చేసినందుకు పెట్టిన కేసూ భూకబ్జా కేసూ ఒకటి కావు. ఆ తర్వాత నేనైతే ఇంకొకటి చూస్తాను. ఈ మనిషి మన అపార్ట్‌మెంట్ చెత్త ఎత్తే పౌరకార్మికురాలి గురించి, వలస కూలీ పిల్లవాడి స్కూలు గురించి ఎప్పుడైనా నోరు విప్పాడా? ధర్మశాస్త్రంలోగానీ ప్రవక్తల్లోగానీ రాజును కొలిచిన కొలత విధవరాలు, తండ్రి లేనివాడు, పరదేశి. ఆ కొలతలో క్రైస్తవుడు తప్పొచ్చు, నాస్తికుడు నెగ్గొచ్చు.

బెంగళూరులో ఈ విషయాలను లోతుగా ఆలోచించినవాళ్లు ఉన్నారు. 1957లో ఇక్కడ మత, సమాజ అధ్యయనానికి ఒక క్రైస్తవ సంస్థ మొదలైంది. మద్రాసులో పుట్టిన పి.డి. దేవనందన్ దాని మొదటి డైరెక్టర్, ఆయన తర్వాత 1962 నుంచి 1975 వరకు ఎం.ఎం. థామస్. కేరళ మార్తోమా సంఘానికి చెందినవాడు, బిషప్ కాదు, పాస్టర్ కాదు. ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి కేంద్ర కమిటీకి అధ్యక్షత వహించాడు. ఎమర్జెన్సీ వచ్చినప్పుడు చాలామంది సంఘ నాయకులు మౌనంగా ఉంటే ఈయన బహిరంగంగా వ్యతిరేకిస్తూ రాశాడు. గమనించాల్సింది ఏమిటంటే అప్పుడు క్రైస్తవుల మీద ప్రత్యేకంగా ఎవరూ చెయ్యి వేయలేదు. మన స్కూళ్లు, ఆస్పత్రులు బాగానే నడుస్తున్నాయి. జైల్లో ఉన్నది వేరేవాళ్లు, వాళ్లలో మతమార్పిడిని తీవ్రంగా వ్యతిరేకించేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల స్వేచ్ఛ కోసం మాట్లాడటమే ఆయన విశ్వాసానికి రాజకీయ రూపం.

ఈ దృష్టితో చూస్తే నాకు ఆంధ్రలో పాస్టర్లకు ఇచ్చే నెలకు 5,000 రూపాయల ప్రభుత్వ గౌరవ వేతనం మీద కొంచెం ఇబ్బందే. పేద పాస్టర్ల కష్టం నాకు తెలుసు, తీసుకున్నవాళ్లను తప్పు పట్టను. కానీ చేయి చాచిన చోట నోరు లేవదు. రేపు ఆ ప్రభుత్వం తప్పు చేస్తే అడగాల్సిన మొదటి గొంతు ఎవరిది? సంఘంలో ఐటీ జీతాలు తీసుకునేవాళ్లు ఇంతమంది ఉండి పల్లెటూరి పాస్టర్‌ను మనం పోషించలేకపోతే, అది మన సిగ్గు.

ఇక మీ రెండు ఓట్లు. 2024లో బెంగళూరులో ఏప్రిల్ 26న పోలింగ్ జరిగింది, ఆంధ్రలో మే 13న. మధ్యలో పదిహేడు రోజులు. ఇక్కడ ఓటు వేసి, సిరా మరక వదిలించుకుని, అక్కడికి బస్సెక్కినవాళ్లు ఉన్నారని అందరికీ తెలుసు. వాళ్లలో ఆదివారం ముందు వరుసలో కూర్చునేవాళ్లు కూడా ఉంటారు. 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒకటికంటే ఎక్కువ నియోజకవర్గాల్లో ఉండకూడదు. తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది వరకు జైలు. లోక్‌సభకు రెండు చోట్లా వేస్తే ఆ రెండు ఓట్లూ చెల్లవు. ఊళ్లో సొంత ఇల్లు ఉంది కదా అంటారు. ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని ఆ చట్టంలోనే రాసి ఉంది. మీరు మారతహళ్లిలో ఉంటున్నారు, మీ ఓటు మారతహళ్లిలో. ఫారం 8 నింపితే పాత చోటు నుంచి ఇక్కడికి మారుతుంది, ఆన్‌లైన్లో పది నిమిషాల పని. రెండు చోట్లా ఇప్పటికే పేరుంటే ఊళ్లోది తీసేయమని ఫారం 7 పెట్టండి. ఊరి మీద మమకారం నాకూ ఉంది, కానీ ఇక్కడ బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసిన తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికైన కార్పొరేటర్ లేకుండా అధికారులే నగరాన్ని నడిపారు, చివరికి 2025లో దాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. మన తెలుగువాళ్లలో ఎంతమంది దాని గురించి ఒక్క ప్రశ్న వేశారు?

ఇప్పుడు సర్టిఫికెట్. ఇది కష్టమైన విషయం, తొందరపడి తీర్పు చెప్పేవాళ్ల మాట వినకండి. ముందు చట్టం ఏమంటుందో చెప్తాను. ఎస్సీ కులాల జాబితా ఇచ్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు చాలా కటువుగా మాట్లాడింది. చిన్నప్పుడు బాప్తిస్మం పొంది, క్రమంగా చర్చికి వెళ్తూ, ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రైస్తవంలోకి మారినవాళ్లకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. ఆంధ్రలో సర్టిఫికెట్‌ను విచారించి రద్దు చేసే అధికారం కలెక్టర్‌కు 1993 నాటి చట్టంతోనే ఉంది.

ఈ చట్టం న్యాయమైనదా? నా అభిప్రాయంలో కాదు. మతం మారితే కులం పోతుందనేది దీని వెనక ఉన్న ఊహ. పోయిందా? మన పెళ్లి ప్రకటనలు చూడండి. క్రిస్టియన్ మాల, క్రిస్టియన్ మాదిగ, ఆర్.సి.ఎం. (అంటే రోమన్ కాథలిక్) రెడ్డి, ఆర్.సి.ఎం. కమ్మ. ఒకే ప్రభువు, ఒకే బల్ల, సంబంధాలు మాత్రం వేరు. తమిళనాడులో కొన్ని చోట్ల సమాధుల మధ్య కూడా గోడలున్నాయి. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు శాసనసభలు రెండూ దళిత క్రైస్తవులకు ఆ హోదా ఇవ్వాలని తీర్మానాలు చేశాయి. కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఇది మనం బహిరంగంగా, పేరు పెట్టుకుని పోరాడాల్సిన సమస్య. అందరూ లోపల క్రైస్తవులుగా, కాగితం మీద హిందువులుగా ఉంటే జనాభా లెక్కల్లో దళిత క్రైస్తవుడు కనపడడు. కనపడనివాడి కోసం ఏ ప్రభుత్వం చట్టం మారుస్తుంది? మన అబద్ధమే మన కేసును బలహీనం చేస్తోంది.

కానీ ఒక మాట. దీని మీద గట్టిగా ప్రసంగించే కొందరు పాస్టర్లు అగ్రకులాల నుంచి వచ్చినవాళ్లు. రెడ్డి, కమ్మ క్రైస్తవుడు నిజం చెప్తే పోయేదేమీ లేదు. కూలి చేసి కూతుర్ని నర్సింగ్ చదివిస్తున్న తల్లి నిజం చెప్తే ఆ పిల్ల సీటు పోతుంది. ఆ తల్లిని వేదిక మీద నుంచి దొంగ అనే హక్కు నాకు లేదు. అలా అనేవాళ్లను ముందు ఆ పిల్ల ఫీజు కట్టమంటాను. నిజం చెప్పిన కుటుంబం నష్టపోతే ఆ నష్టాన్ని సంఘం పంచుకోవాలి, లేకపోతే సత్యం గురించిన ప్రసంగం పేదవాడి నెత్తిన వేసిన పన్నే.

మీ విషయం వేరు. మీరు ప్రైవేటు కంపెనీలో ఉన్నారు, ఆ ఉద్యోగానికి రిజర్వేషన్ తో పని లేదు. ఇక ముందు ఏ పరీక్షకూ, ఏ పథకానికీ ఆ సర్టిఫికెట్ వాడకండి. ఆంధ్రలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు, వాళ్ల సంతానానికి వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ అనే కోటా ఉంది, ఒక శాతం. తక్కువే, కానీ నిజమైనది. పాత సర్టిఫికెట్‌ను అప్పగించి బీసీ-సీకి దరఖాస్తు పెట్టే ముందు మీ జిల్లాలో ఈ కేసులు చూసే లాయర్‌తో ఒకసారి కూర్చోండి. ఆ సర్టిఫికెట్ మీద ఇదివరకు తీసుకున్న సీటు, స్కాలర్‌షిప్ గురించి ఏం రాయాలి, ఏం రాయకూడదు అనేది తెలిసినవాళ్లు చెప్పాలి. బెంగళూరులో మీ ఆంధ్ర సర్టిఫికెట్ పనికొస్తుందా అని అడగబోతారేమో. రాదు. ఒక రాష్ట్రం హోదా ఇంకో రాష్ట్రానికి వలస వెళ్లినవాడి వెంట రాదని 1990లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు వేసింది కూడా ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన తెలుగు కుర్రాడే.

ఒక చిన్న విషయం మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. మీ సంఘం ఇళ్ల మధ్యలో ఉందన్నారు, రాత్రి ప్రార్థనలకు పక్కింటివాళ్లు పోలీసులను పిలిచారని, ఇది శ్రమ కాలమని, అంటే విశ్వాసం కోసం హింస పడే కాలమని పాస్టర్ గారు అన్నారని రాశారు. చెన్నైలో మాధవరం హైరోడ్ దగ్గర ఒక చర్చి మీద కాలనీవాళ్లు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 ఆగస్టులో చర్చి ఓడిపోయింది. ఇతరుల నెమ్మది చెడగొట్టి, మైకులు పెట్టి, డ్రమ్ములు వాయించి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని కోర్టు అంది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్ స్పీకర్ పెట్టకూడదు. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. ఆ తీర్పును ఈ రోజు దేశంలో ఏ గుడి, ఏ మసీదు మైకు కేసులోనైనా చదువుతారు. పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్ల చెవులు మూసుకుని కూర్చుంటే దానికి శ్రమ అని పేరు పెట్టకూడదు. శ్రమ పడుతున్నది ఆ పిల్ల.

నిజమైన ఒత్తిడి కూడా ఉంది, కాదనను. కర్ణాటకలో 2022లో మతమార్పిడి నిరోధక చట్టం వచ్చింది. ప్రలోభం అనే నేరంలో డబ్బు, ఉద్యోగం, ఉచిత చదువు, మెరుగైన జీవితం ఆశ చూపడం, దైవాగ్రహం పేరుతో భయపెట్టడం అన్నీ చేర్చారు. 2023 జూన్‌లో కొత్త మంత్రివర్గం దాన్ని రద్దు చేయాలని నిర్ణయించింది. చట్టం ఉన్నా పోయినా గృహకూటాలు మానక్కర్లేదు. ఇంట్లో ప్రార్థన చేసుకోవడం నేరం కాదు. ఎవరైనా గుంపుగా వచ్చి అడ్డుకుంటే 112కి ఫోన్ చేయండి, ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పౌలు అడిగినట్టే మన పౌరహక్కు అడగడం తప్పు కాదు. అదే సమయంలో మన పోస్టర్లు కూడా ఒకసారి చదవండి. రండి, మీకు ఉద్యోగం వస్తుంది, వీసా వస్తుంది, రాకపోతే శాపం! ఈ మాటలు ఆ చట్టం రాకముందు కూడా తప్పే. సువార్తకు అవి అక్కర్లేదు.

ఇప్పుడు మీరు ఏం చేయాలి? పాస్టర్ గారి మీద రేపే ఫిర్యాదు పెట్టమని నేను చెప్పను. అది మీ హక్కు, కానీ మొదటి మెట్టు కాదు. మత్తయి 18లో ఉన్నట్టు ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడండి. అయ్యగారూ, ఇది మీ మీదికి, మన సంఘం రిజిస్ట్రేషన్ మీదికి వస్తుంది అని చెప్పండి. సెక్షన్లు రాసిన కాగితం ఒకటి చేతిలో పెట్టండి. చాలామంది తెలియక చేస్తారు, తెలిస్తే భయపడి మానేస్తారు. వినకపోతే సంఘ పెద్దల్లో ఇద్దరితో కలిసి వెళ్లండి. అభ్యర్థి దగ్గర భవనానికని, కుర్చీలకని ఏమైనా డబ్బు తీసుకున్నారా అని అక్కడ అడగండి, లెక్కల పుస్తకం చూపించమనండి. కానుకలు వేసేవాళ్లుగా అడిగే అర్హత మీకుంది. దానికీ జవాబు లేకుండా ప్రచారం మళ్లీ జరిగితే, అప్పుడు సీవిజిల్. ఎన్నికల షెడ్యూల్ వచ్చాకే ఆ యాప్ ఫిర్యాదులు తీసుకుంటుంది, ఫోటో గానీ వీడియో గానీ అక్కడికక్కడే తీయాలి.

అభ్యర్థులను ప్రశ్నించాలని యువతకు ఉంటే ఒక పని చేయండి. చర్చిలో వద్దు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ హాలు గానీ కమ్యూనిటీ హాలు గానీ అద్దెకు తీసుకుని, చుట్టుపక్కల ఉన్న అన్ని మతాలవాళ్లను పిలిచి, అందరు అభ్యర్థులకూ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వండి. కన్నడం వచ్చిన మనిషి ఒకరు మైకు పట్టుకోవాలి, లేకపోతే అది తెలుగు సంఘం మీటింగ్ అయిపోతుంది. సంఘం డబ్బు దానికి ఒక్క రూపాయి వాడొద్దు, 1988 చట్టం గుర్తుంచుకోండి.

మీ సర్టిఫికెట్ ఏ మండలంలో ఇచ్చారో, బాప్తిస్మం ఏ సంవత్సరంలో తీసుకున్నారో ఇక్కడ రాయకండి, పబ్లిక్‌గా పెట్టే వివరాలు కావవి. మీ ఊరి లాయర్‌కు చెప్పండి. ఫారం 8 నింపేటప్పుడు మారతహళ్లి మహదేవపుర నియోజకవర్గంలోకి వస్తుందా లేదా అనేది మీ వీధి పేరుతో ఒకసారి సరిచూసుకోండి. అక్కడ హద్దులు కాస్త తికమకగా ఉంటాయి.